బ్యాటరీని తిట్టే ముందు...

చందర్లపాడులో ఆ ఇంటి ముందు కొంచెం మెరక. ఆ మెరక మీద, రోడ్డు వైపు మూతి పెట్టి, ముందు చక్రం కింద ఓ రాయి అడ్డం పెట్టి నిలబడి ఉంటుంది ట్రాక్టరు. ముప్ఫై అయిదు హార్స్‌పవర్ బండి. 1980ల చివర్లో కొన్నది. పొద్దున్నే పెద్దాయన సీటెక్కి కూర్చుంటారు. కొడుకు రాయి తీస్తాడు. బండి జారుతుంది. పల్లానికి వచ్చేసరికి క్లచ్ వదిలితే ఓ ఊపు ఊగి, నల్లటి పొగ వదిలి, ఇంజిన్ అందుకుంటుంది. వీధిలో పిల్లలకు అదో రోజువారీ వినోదం.

ఇంతకీ ఆ బండికి సెల్ఫ్ లేదా అంటే ఉంది. తాళం తిప్పితే 'టక్' మని ఊరుకుంటుంది, అంతే. బ్యాటరీ పాతదా అంటే అదీ కాదు. రెండున్నరేళ్లలో అది మూడోది!

మెట్ట ప్రాంతంలో పాత ట్రాక్టరు ఉన్న ఏ ఇంట్లో అడిగినా ఈ కథ కాస్త అటూ ఇటుగా వినిపిస్తుంది. పొలంలో మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు కూడా ఇంజిన్ ఆపరు. ఆపితే మళ్లీ తోయడానికి నలుగురు కావాలి, నల్లరేగడిలో నలుగురు తోసినా కదలదు. అన్నం తిన్నంతసేపూ డీజిలు కాలుతూనే ఉంటుంది. ఏడాదికో బ్యాటరీ ఖర్చు ఎదురుగా కనిపిస్తుంది, ఇలా కాలిపోయే డీజిలు మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు.

ఆ ఇంట్లో అసలు భయం వేరే. చందర్లపాడు, కాసరబాద, ముప్పాళ్ల, గుడిమెట్ల... ఈ పల్లెల్లో పత్తి, మిరప, సుబాబుల్ పంటలు ఎక్కువ. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతం కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారింది. జిల్లా పేరు మారినా పంటల కాలం మారదు కదా! పత్తి తీతలు మొదలయ్యాక లోడు ఎత్తేసరికి పొద్దుపోతుంది. చీకట్లో నందిగామ వైపు బయల్దేరాలి. అక్కడ తగిలేది హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి, ఒకప్పటి తొమ్మిదో నంబరు, ఇప్పటి అరవై అయిదు. లారీలు, వోల్వో బస్సులు దూసుకుపోయే ఆ రోడ్డు మీద మన ట్రాక్టరు ముందు దీపాలు చిమ్నీ బుడ్డిలా మినుకుమంటుంటే, ట్రైలరు వెనక ఎర్ర దీపం అసలే వెలగకపోతే... ఆ రాత్రి కొడుకు ఇంటికి చేరేదాకా తల్లి పడుకోదు.

'పాడు బ్యాటరీ... మళ్లీ మోసం చేసింది' అన్నాడు కొడుకు, మూడోసారి. నిజంగా బ్యాటరీదేనా తప్పు?

నందిగామ నుంచి వచ్చిన కబురు

మూడో బ్యాటరీని విప్పి నందిగామలో కొన్న షాపుకే తీసుకెళ్లారు. వాళ్లు ఓ రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, పొద్దున పరీక్ష చేసి తిరిగి ఇచ్చేశారు. 'బ్యాటరీ బానే ఉంది. బండి చూపించుకోండి' అన్నది వాళ్ల మాట. ఇలాంటి మాట వింటే రైతుకు కోపమే వస్తుంది. కానీ అది నిజం. అందుకే ఓ ఆటో ఎలక్ట్రీషియన్‌ను ఇంటికి పిలిపించారు.

వచ్చినవాడు స్పానర్ ముట్టుకోలేదు. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి, ప్రశ్నలు మొదలుపెట్టాడు.

'బాబాయ్ గారూ, బండి ఎప్పుడు మొరాయిస్తంది? పొద్దున్నా, పొలంలో ఆపినాకా?'

'లైట్లు వేసి రాత్రి లోడుకు పోయొచ్చిన మర్నాడు పొద్దున అసలు లేవదయ్యా. పగలు దున్నిన రోజు ఫర్వాలేదు, ఒకటి రెండుసార్లకు అందుకుంటది.'

'ఇంట్లో రెండు రోజులు ఊరికే ఉంచితే?'

'ఎట్టా పెట్టింది అట్టానే ఉంటది.'

వైద్యుడు నాడి పట్టుకునే ముందు 'ఎన్నాళ్లుగా' అని అడిగినట్టే ఇది. బండి ఊరికే నిలబెడితేనే బ్యాటరీ దిగిపోతుంటే కరెంటు ఎక్కడో దొంగతనంగా కారిపోతున్నట్టు. రాత్రి పడుకునే ముందు బ్యాటరీ ఎర్తు తీగ విప్పి పెడితే తెలిసిపోతుంది. పొద్దున తీగ తగిలించగానే సెల్ఫ్ చక్కగా అందుకుందంటే లీకేజీ ఉన్నట్టే లెక్క. నిండుగా ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీతో కూడా సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే లావు కేబుళ్లనో, సెల్ఫ్ మోటారునో చూడాలి. అలా కాకుండా రోజంతా తిరిగి, లైట్లు వాడాక దిగిపోతుంటే... బ్యాటరీకి చేరాల్సింది చేరడం లేదు. పెద్దాయన చెప్పింది ఈ మూడో రకం. మూడు ప్రశ్నలతో సగం పని అయిపోయింది.

ఒక్క స్టార్టు ఖర్చెంత?

సెల్ఫ్ కొడితే బ్యాటరీ అయిపోతుందని ఊళ్లలో ఓ నమ్మకం. అందుకే చాలామంది సెల్ఫ్ కొట్టకుండా దాచుకుంటారు. లెక్క వేసి చూద్దాం. డీజిల్ ట్రాక్టరు సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు రెండు మూడు వందల ఆంపియర్ల కరెంటు లాగుతుంది. వినడానికి భయంగానే ఉంటుంది. అయితే అది లాగేది అయిదు సెకన్లే. రెండొందల యాభై ఆంపియర్లు అయిదు సెకన్లు లాగితే ఖర్చయింది మూడోవంతు ఆంపియర్-అవర్ కన్నా కాస్త ఎక్కువ. పది ఆంపియర్ల చొప్పున తిరిగి నింపితే రెండు నిమిషాలు, దారిలో పోయే నష్టాలు కలుపుకొన్నా మూడు నిమిషాలు. అంటే ఇంటి దగ్గర స్టార్టు చేసిన ఖర్చు ఊరు దాటేలోపే తీరిపోవాలి. తీరడం లేదంటే బాకీ సెల్ఫ్‌ది కాదు.

అసలు పద్దు దీపాల దగ్గర ఉంది. నలభై అయిదు వాట్ల హెడ్‌లైట్లు రెండు వెలిగితే ఏడున్నర ఆంపియర్లు. వెనక నాగలి మీదకు పడే లైటు ముప్ఫై అయిదు వాట్లయితే దాదాపు మూడు. ట్రైలరు దీపాలు ఓ ఆంపియరు. ఇక మన కుర్రాళ్లు బిగించుకునే పాటల పెట్టె, దానికో ఆంప్లిఫయరు, సీటు వెనక రెండు స్పీకర్లు... గట్టిగా పెడితే అదో నాలుగైదు. మొత్తం పదిహేనో పదహారో! ఆ కాలపు డైనమోల్లో కొన్ని ఇచ్చేదే పదకొండు ఆంపియర్లు. కాస్త పెద్దవి ఇరవై, ఇరవై రెండు. అదీ ఇంజిన్ మంచి వేగంలో ఉన్నప్పుడే. స్లోలో నిలబెడితే డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు. పత్తి కాటా దగ్గర లైట్లు వేసి, పాటలు పెట్టి, ఇంజిన్ స్లోలో ఉంచి గంటసేపు వరసలో నిలబడితే ఆ ఖర్చంతా బ్యాటరీ నెత్తినే పడుతుంది.

ఇక్కడ డైనమోకూ ఆల్టర్నేటర్‌కూ తేడా చెప్పుకోవాలి. రెండింటికీ మూలం ఒకటే. అయస్కాంతం, తీగచుట్ట ఒకదాని దగ్గర ఒకటి కదిలితే తీగలో కరెంటు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రం అది. డైనమోలో కరెంటు పుట్టేది తిరిగే ఆర్మేచర్‌లో. కాబట్టి ఆ కరెంటు మొత్తం కార్బన్ల గుండానే బయటికి రావాలి. ఆల్టర్నేటర్‌లో కరెంటు పుట్టేది కదలని బయటి చుట్టలో. కార్బన్ల మీద భారం తక్కువ, అందువల్ల దాన్ని ఇంకా వేగంగా తిప్పొచ్చు, స్లోలో కూడా కాస్త ఇస్తుంది. లోపల ఉండే డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి. కార్లలో ఆల్టర్నేటర్లు 1960ల నుంచి వ్యాపించాయి. పాత ట్రాక్టర్లు మాత్రం డైనమోతోనే చాలాకాలం నడిచాయి. మన పెద్దాయనదీ డైనమో బండే. పక్కనే ఓ నల్ల డబ్బా, అదే రెగ్యులేటరు. దాంట్లోనే కటౌట్ కూడా ఉంటుంది.

మీటరు చెప్పిన నిజం

ఎలక్ట్రీషియన్ సంచిలోంచి డిజిటల్ మీటరు తీశాడు. కొన్ని వందల రూపాయలకు దొరికే వస్తువు. ట్రాక్టరున్న ప్రతి ఇంట్లోనూ పానాల డబ్బాలో ఒకటి ఉంటే మూడో బ్యాటరీ కొనే అవసరం చాలామందికి రాదు.

ముందు ఇంజిన్ ఆపి బ్యాటరీ మీద పెట్టాడు. 12.1 చూపించింది. పన్నెండు వోల్టుల బ్యాటరీ పన్నెండు చూపిస్తే సరిగ్గానే ఉన్నట్టు కదా అనుకుంటాం. పొరపాటు. ఛార్జింగ్ తీశాక కొన్ని గంటలు ఊరికే ఉంచిన బ్యాటరీ 12.6 దాకా చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. పన్నెండుకు దిగిందంటే అడుగంటుతున్నట్టే. షాపువాళ్లు నిండుగా నింపి ఇచ్చింది నాలుగు రోజుల్లో సగానికి పడిపోయింది!

తర్వాత కొడుకును సెల్ఫ్ కొట్టమన్నాడు. నీరసంగానే అయినా ఆ పూట ఇంజిన్ అందుకుంది. ఆ క్షణంలో మీటరు 10.2కు దిగి లేచింది. తొమ్మిదిన్నర కిందికి పడిపోతే బ్యాటరీనో కేబులునో అనుమానించాలి. ఇక్కడ ఆ అవసరం లేదు.

అసలు పరీక్ష ఇప్పుడు. ఇంజిన్ పదిహేనువందల చక్కర్ల దాకా లేపి, లైట్లు ఆర్పి, బ్యాటరీ మీద మళ్లీ చూశాడు. 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. పదిహేను దాటితే ఎక్కువ ఛార్జింగ్. రెగ్యులేటరు పాడై నీళ్లు మరిగిపోతాయి. ఇక్కడ వచ్చింది 12.9. లైట్లు వేయగానే 12.2!

'అదేంటి, మీటర్లో ముల్లు ప్లస్ వైపే ఉందిగా అన్నా!' అన్నాడు కొడుకు, డ్యాష్ మీది ఆంపియర్ మీటరు చూపిస్తూ.

ముల్లు ప్లస్ వైపే ఉంది. ఆ ఇంటిల్లిపాదినీ ఇన్నాళ్లు నమ్మించింది అదే. ముల్లు ప్లస్ వైపు వాలిందంటే కరెంటు బ్యాటరీలోకి పోతోందని మాత్రమే అర్థం. ఎంత పోతోంది, అది చాలుతుందా అన్నది అంత చిన్న ముల్లు చెప్పలేదు. కుళాయి తిప్పితే చుక్క చుక్కగా కారినా నీళ్లు వస్తున్నట్టే. బిందె ఎప్పుడు నిండాలి?

ఇక్కడే చాలామంది మెకానిక్కులు డైనమో విప్పేస్తారు. 'వైండింగ్ పోయింది బాబాయ్' అని ఆటోనగర్ పంపిస్తారు. ఈ కుర్రాడు ముందు బెల్టు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. పన్నెండు, పదిహేను మిల్లీమీటర్లు, అంటే వేలు మందం దాకా దిగితే సరి. ఇది అంతకు రెట్టింపు దిగింది. పుల్లీ గాడి అద్దంలా మెరుస్తోంది. బెల్టు జారుతున్న గుర్తు అది. డైనమో బ్రాకెట్ నట్టు వదులు చేసి, ఓ చెక్కతో వెనక్కి లాగి బిగించాడు. మరీ వీణ తీగలా బిగించకూడదు, బేరింగులు పోతాయి. మళ్లీ చూస్తే 12.9 కాస్తా 13 అయింది. అంటే దొంగ వేరే ఉన్నాడు.

దారి దోపిడీ

ఇప్పుడు చేసిన పరీక్ష గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఇది ఎవరైనా చేయగలిగింది, చాలామంది చేయనిది కూడా. మీటరు నల్ల తీగను డైనమో ఒంటి మీద పెట్టి, ఎర్ర తీగను డైనమో వెనక ఉన్న లావు టెర్మినల్‌కు, అంటే 'డి' అని రాసి ఉన్నదానికి ఆనించాడు. 14.1! డైనమో బంగారంలా పనిచేస్తోంది. అక్కడ పద్నాలుగు పైచిలుకు బయల్దేరితే బ్యాటరీ దగ్గరికి పదమూడే చేరుతోంది. వోల్టు పైనే దారిలో ఎవరో కాజేస్తున్నారు.

ఎటు దారిలో? వెళ్లే దారా, తిరిగొచ్చే ఎర్తు దారా? ఇంజిన్ అలాగే తిరుగుతుండగా మీటరు ఒక కొన డైనమో ఒంటికి, రెండో కొన బ్యాటరీ నెగెటివ్ దిమ్మకు పెట్టాడు. 0.1. ఫర్వాలేదు. పాయింట్ రెండు దాకా సహించొచ్చు. తర్వాత ఒక కొన 'డి' టెర్మినల్‌కు, రెండోది బ్యాటరీ పాజిటివ్ దిమ్మకు. 1.0. దొరికాడు దొంగ! ఎర్తు బాగుంది, వెళ్లే దారిలోనే గండి.

పంట కాల్వకు గండి ఎక్కడ పడిందో వెతికేటప్పుడు గట్టు వెంట నడుస్తూ పోతాం కదా. సాగర్ ఎడమ కాల్వ కింద సాగు చేసిన వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. అలాగే మీటరు కొనను ఒక్కో మజిలీకి జరుపుతూ వచ్చాడు. డైనమో నుంచి రెగ్యులేటరు డబ్బా దాకా దాదాపు ఏమీ పోలేదు. కటౌట్ దాటాక కూడా స్వల్పమే. డబ్బా నుంచి డ్యాష్ వెనకకు వచ్చిన తీగ మీద ఒక కొన, ఆంపియర్ మీటరు ఇత్తడి స్టడ్డు మీద రెండో కొన. 0.8. తీగ కొసకూ, అది బిగించిన స్టడ్డుకూ మధ్య ఉన్నది అంగుళం కూడా లేని దూరం. అక్కడే ముప్పాతిక వోల్టు మాయం.

ఇంజిన్ ఆపించి, బ్యాటరీ ఎర్తు తీగ విప్పించి, డ్యాష్ తెరిచాడు. ఆ స్టడ్డు మీద రెండు తీగలున్నాయి. ఒకటి కంపెనీ బిగించిన లావు తీగ. రెండోది సన్నటి ఎర్ర తీగ, కొసన తోలు ఒలిచి, మెలిపెట్టి, నట్టు కింద దూర్చినది. ఎక్కడికి పోయిందా అని పట్టుకుని లాగితే సీటు వెనక పాటల పెట్టెకు చేరింది! దాన్ని దూర్చడంతో నట్టు సరిగా కూర్చోలేదు. బండి అదురుకు వదులైంది. మిరప తోటకు మందు కొట్టే నీళ్లు, మంచు, దుమ్ము చేరి రాగి పచ్చబడింది. లావు తీగ తోలు ఆ కొసన గోధుమ రంగుకు మాడి ఉంది. కరెంటు అక్కడ దీపం వెలిగించినట్టు వేడిగా మారిపోతోంది. పది ఆంపియర్ల దగ్గర ముప్పాతిక వోల్టు పోయిందంటే ఏడెనిమిది వాట్లు. బ్యాటరీకి చేరాల్సింది స్టడ్డును కాల్చడానికి ఖర్చవుతోంది. ఇంకొన్నాళ్లు వదిలేస్తే తీగలే అంటుకునేవి.

కొడుకు తల వంచుకున్నాడు. ఆ పాటల పెట్టె బిగించింది ఎప్పుడని పెద్దాయన అడగలేదు. మొదటి బ్యాటరీ పోవడానికి నాలుగు నెలల ముందని అందరికీ గుర్తుంది.

మాడిన కొసను కత్తిరించి, కొత్త లగ్గు వేసి నొక్కి, స్టడ్డును ఉప్పు కాగితంతో రుద్ది, స్ప్రింగు వాషరు వేసి బిగించాడు. పాటల పెట్టెకు విడిగా తీగ లాగి, మధ్యలో ఫ్యూజు పెట్టాడు. లగ్గు ఖరీదు టీ ఖర్చంత. మళ్లీ స్టార్టు చేసి చూస్తే బ్యాటరీ మీద 13.9. లైట్లు వేస్తే 13.4.

మరి బ్యాటరీలు ఎందుకు పోయినట్టు? సగం ఆకలితో నెలల తరబడి ఉంచితే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా కరగదు. మొదటి రెండు బ్యాటరీలూ అలా పోయినవే. కొత్తది తెచ్చి బిగించిన ప్రతిసారీ నాలుగు నెలలు బండి బాగా నడిచింది. అందుకే 'బ్యాటరీ మార్చాకే బాగుంది, కాబట్టి బ్యాటరీదే తప్పు' అనిపించింది. షాపులో నింపి ఇచ్చిన ఛార్జింగ్‌ను, బండి అప్పు తెచ్చుకుని తిన్నట్టు, కొంచెం కొంచెంగా తినేసింది.

మీ బండిలో ఇంకెక్కడైనా కావచ్చు

అందరి బండిలోనూ పాటల పెట్టే దొంగ కాదు. 'డి' దగ్గర కూడా వోల్టేజి రాకపోతే అప్పుడు డైనమో సంగతి చూడాలి. మెకానిక్కులు చేసే పాత పరీక్ష ఒకటుంది. 'డి', 'ఎఫ్' టెర్మినళ్ల మీద ఉన్న తీగలు రెండూ విప్పి, ఆ రెండు టెర్మినళ్లనూ చిన్న తీగతో కలిపి, మీటరును వాటికీ డైనమో ఒంటికీ మధ్య పెట్టి, ఇంజిన్‌ను స్లో నుంచి మెల్లగా లేపుతారు. వోల్టేజి చకచకా పెరిగితే డైనమో మంచిది, తప్పు రెగ్యులేటరుది. ఇరవై వోల్టులు దాటనివ్వకూడదు, కొన్ని సెకన్లకు మించి చేయకూడదు. ఒకటి రెండు వోల్టుల దగ్గరే ఆగిపోతే ఫీల్డు చుట్టలో లోపం. అసలేమీ రాకపోతే ముందు కార్బన్లు చూడండి. అరిగి పొట్టివై, స్ప్రింగు నొక్కలేకపోతున్నాయేమో. కమ్యుటేటర్ నల్లగా జిడ్డు పట్టి ఉంటే సన్నటి ఉప్పు కాగితంతో తుడవాలి. ఎమెరీ కాగితం మాత్రం వద్దు. దాని పొడి రాగి పట్టీల మధ్య ఇరుక్కుని షార్ట్ చేస్తుంది. వరి దమ్ముకు కిరాయికి వెళ్లే బండ్లలో డైనమోలోకి బురద నీళ్లు చేరడం మామూలే.

ఈ డి, ఎఫ్ పరీక్ష డైనమోకే. ఆల్టర్నేటర్ బండికి ఇలాంటివి చేయబోయి డయోడ్లు కాల్చుకున్నవాళ్లున్నారు. ఆల్టర్నేటర్ ఉన్న బండికి ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ తీగ పీకి 'ఛార్జింగ్ వస్తోందా లేదా' అని చూసే అలవాటు ఇంకా ఉంది. డైనమో కాలంలో చెల్లిపోయిన ఆ చిట్కా ఇప్పుడు వేలల్లో ఖర్చు పెట్టిస్తుంది. కల్టివేటరును బండికి ఉంచే వెల్డింగ్ పెట్టేటప్పుడు కూడా ముందు బ్యాటరీ తీగలు విప్పాలి.

ఇక లీకేజీ ఉన్న బండి అయితే కటౌట్‌ను అనుమానించాలి. ఇంజిన్ ఆగగానే బ్యాటరీకీ డైనమోకూ మధ్య తలుపు మూసేది అదే. పాయింట్లు అతుక్కుపోతే తలుపు తెరుచుకునే ఉంటుంది. రాత్రంతా బ్యాటరీ డైనమోలోకి ఖాళీ అవుతుంది. చేత్తో ముట్టుకుంటే డైనమో వెచ్చగా తగులుతుంది.

బ్యాటరీ సంగతికొస్తే, చాలా ఇళ్లలో నీళ్లు తగ్గితే చేతికందిన బోరు నీళ్లు పోసేస్తారు. వాటిలోని ఉప్పు పలకలను తినేస్తుంది. డిస్టిల్డ్ వాటరే పోయాలి, పలకలు మునిగి పైన ఓ సెంటీమీటరు నిలిచేదాకా, అంతే. దిమ్మల మీద పూసిన తెల్లటి, పచ్చటి పొడిని గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి కడిగితే పోతుంది. ఆ సోడా నీళ్లు సెల్లుల్లో మాత్రం పడకూడదు. ఛార్జింగ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. దాని దగ్గర బీడీ వెలిగించడం, పానా అడ్డంగా పెట్టి నిప్పురవ్వ వస్తుందా అని చూడటం... ఈ 'పరీక్ష' వల్ల మొహం మీద యాసిడ్ పడే ప్రమాదముంది. తీగలు విప్పేటప్పుడు ఎర్తు ముందు, బిగించేటప్పుడు ఎర్తు చివర.

డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టించుకుందామా అని పెద్దాయన అడిగారు. విజయవాడ ఆటోనగర్‌లో చేసిపెడతారు. పెట్టించుకోవచ్చు, తప్పేమీ లేదు. అయితే ఆ మాడిన లగ్గును అలాగే ఉంచి ఆల్టర్నేటర్ పెట్టి ఉంటే ఎక్కువ కరెంటుకు అది ఇంకా తొందరగా కాలేది. ముందు దారి బాగుచేసుకోవాలి. డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే వెనక దీపాలను ఎల్ఈడీలకు మార్చడం మేలు, అవి లాగే కరెంటు చాలా తక్కువ. ట్రైలరు వెనక ఎర్ర దీపాలూ, రిఫ్లెక్టర్లూ ఉండాలని మోటారు వాహనాల నిబంధనలు ఎలాగూ చెబుతున్నాయి. రిఫ్లెక్టరుకు బ్యాటరీతో పనే లేదు. లారీ లైటు పడితే చాలు, మెరుస్తుంది. ఈ మాట విన్నాక తల్లి మర్నాడే రెండు తెప్పించి, దగ్గరుండి అతికించింది.

ఇలాంటి పనులు పద్ధతిగా నేర్చుకోవాలనుకునే కుర్రాళ్లకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టర్ల వాడకం, నిర్వహణలో అక్కడ శిక్షణ ఇస్తారు.

ఆ రాత్రి ఎలక్ట్రీషియన్ వెళ్తూ మీటరు అక్కడే వదిలేశాడు, డబ్బులు తీసుకునే. కొడుకు దాన్ని విత్తనాల బీరువాలో పెట్టాడు. మడ్‌గార్డు లోపలి వైపు సుద్దముక్కతో తేదీ వేసి 13.9 అని రాశాడు. పదిహేను రోజులకు దాని కింద 13.9, ఇంకో పదిహేను రోజులకు 13.8. పాటల పెట్టె ఇప్పటికీ ఉంది. స్లోలో నిలబెట్టినప్పుడు మాత్రం పెద్దాయన వెనక్కి చెయ్యి చాపి కట్టేస్తారు.

ట్రాక్టరు మాత్రం ఇంకా ఆ మెరక మీదే నిలబడుతోంది, మూతి రోడ్డు వైపు పెట్టి.